పుస్తకంలో లేని కడ్డీ

“డాక్టరమ్మగారూ!”

గేటు బయట ఎవరో ముసలాయన. సైకిలు దిగకుండానే గేటు ఊచ పట్టుకుని పిలుస్తున్నాడు.

కారు కింద పడుకుని నట్టు బిగిస్తున్న ప్రశాంతికి చిర్రెత్తుకొచ్చింది. మళ్లీ ఒకడు తయారయ్యాడు!

తెనాలిలో ఆమె పళ్ల డాక్టరు. ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో మెకానిక్కు. రేపల్లెలో ఒక రైసుమిల్లులో, ఊక బస్తాల వెనక కుళ్లిపోతున్న ఇంగ్లీషు స్పోర్ట్స్ కారును తుక్కు కింద కొని రెండేళ్లయింది. రెండే సీట్లు, టాపు లేదు, వయసు అరవై పైన. పాచి గీకే పరికరాలతోనే దాని తుప్పు కూడా గీకింది. కంపెనీ పుస్తకం తెప్పించుకుని, బొమ్మలో ఎలా ఉంటే అలా బిగించింది.

ఇక మిగిలింది ఒక్కటే కోరిక. వచ్చే నెల బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌లో పాత కార్ల ప్రదర్శన ఉంది. ఒకప్పుడు ఈ కారు నడిపినాయన్ను వెతికి పట్టుకుని, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకెళ్లాలి. మిల్లువాళ్లకు ఆయన పేరు కూడా తెలియదు. అందుకే పేపర్లో ప్రకటన వేయించింది.

అదే కొంప ముంచింది. “నేనే నడిపానండీ” అంటూ పద్దెనిమిది మంది వచ్చారు. వాళ్లలో ఒకాయన వయసు లెక్కేస్తే, మూడో ఏట నడిపి ఉండాలి. ఇంకొకాయన కొడుకు పెళ్లి ఊరేగింపుకి ఇస్తారా అని అడిగి, కాఫీ తాగి వెళ్లాడు.

“ఏంటండీ?” అంది ప్రశాంతి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికొచ్చి.

“పేపర్లో చూశానమ్మా. మాది మారిస్‌పేట. కారు ఒకసారి చూసిపోదామని.”

“మీరూ నడిపారా?”

ఆ వెటకారం ఆయనకు అందలేదో, అందినా పట్టించుకోలేదో. మెడ చాచి షెడ్డులోకి చూశాడు.

“రెండో గేరు వేస్తుంటే మూలుగుతోందా అండీ?”

మూలుగుతోంది. ఆర్నెల్లుగా అదే పెద్ద తలనొప్పి. కానీ పందొమ్మిదో మనిషి దగ్గర ఆ మాట ఒప్పుకోబుద్ధి కాలేదు.

“మూలిగితే మూలుగుతుంది లెండి.”

“దానికి తొందర పనికిరాదమ్మా. ఒక్క క్షణం ఆగి వెయ్యండి. సరే గానీ, స్టీరింగు కింద కుడి చేతికి అందేలా ఒక ఇనప కడ్డీ ఉండాలి. చెక్క పిడి ఉంటుంది. ఉందాండీ?”

ఆ కడ్డీ ఉన్న మాట నిజమే. పుస్తకం ఎన్నిసార్లు తిరగేసినా అందులో లేదు. ఎవడో నాటు మెకానిక్కు తగిలించిన చెత్త అనుకుని, మొదటి వారమే కోయించి పారేసింది.

“తీసేశానండి. అది కారుది కాదు. పుస్తకంలో లేదు.”

“పుస్తకంలో ఉండదమ్మా. ఎక్కడ పెట్టారు?”

“పెట్టడమేంటి? పాత ఇనుముకి వేసేశాను.”

ఆయన గేటు ఊచను బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు.

“అది ఉంటే ఒక మాట చెబుదామనుకున్నాను,” అన్నాడు చివరికి.

“ఏం మాట?”

“ఏం లేదులే తల్లీ.”

ప్రశాంతికి ఒళ్లు మండింది. పావుగంటైంది, మనిషి సైకిలు దిగడు. ఆడమనిషి కారు బాగుచేస్తుంటే అందరికీ సలహాలే! పైగా ఆ సైకిలు అందం చూడు, ఎడమ పక్క పెడలే లేదు.

“ముందు ఆ ఎడమ పెడలు వేయించుకోండి తాతగారూ. నా కారు సంగతి తర్వాత చూద్దురుగాని.”

ఆయన కిందికి చూసుకుని నవ్వాడు. అందులో కోపం లేదు.

“అలాగేనమ్మా. మీ చేతిపని బాగుంది.”

పేరైనా చెప్పలేదు. ‘పందొమ్మిది’ అనుకుని ఆమె మళ్లీ కారు కిందికి దూరింది.

సూర్యలంకలో మొదటి బహుమతి ప్రశాంతి కారుకే వచ్చింది. నిన్ననే కంపెనీ నుంచి దిగినట్టుందని అందరూ మెచ్చుకున్నారు. పొద్దున వెళ్లే దారిలో ఎందుకో ముసలాయన మాట గుర్తొచ్చి, ఒక్క క్షణం ఆగి రెండో గేరు వేసింది. మూలుగు లేకుండా పడింది.

పక్క సీటు ఖాళీ. గెలిచిన కప్పు అందులో పెట్టింది.

బాపట్లలో ఒకప్పుడు పెట్రోలు బంకు నడిపిన వెంకటకృష్ణయ్య కూడా ప్రదర్శనకి వచ్చాడు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, లోపలికి వంగి చూశాడు.

“అంతా బాగుందమ్మా. చేతి క్లచ్చు ఏది?”

“అదేంటండీ?”

“ఇక్కడ కడ్డీ ఉండేదిగా, చెక్క పిడితో! సంజీవరావు మాస్టారు స్వయంగా చేసుకున్నది. అందరూ కాలితో తొక్కే క్లచ్చును ఆయన చేత్తో లాగేవాడు. ఆయనా నీలాగే ఈ కారును తుక్కులో కొని, నా బంకులోనే బాగుచేసుకున్నాడు. ఈ ఇసక మీద పందెమంటే, ఆయన ముందు ఒక్కడు నిలిచాడా!”

ప్రశాంతి ప్రాణం లేచొచ్చింది. రెండేళ్లుగా వెతుకుతున్న మనిషి పేరు తెలిసింది!

“ఎక్కడుంటారండీ? ఇప్పుడే వెళ్లి తీసుకొస్తాను.”

“మీ తెనాలే, మారిస్‌పేట. పోయిన వారమే పోయాడు తల్లీ. భూస్థాపనకి నేనూ వెళ్లొచ్చాను.”

మారిస్‌పేట అనగానే ఆమె చూపు స్టీరింగు కింద కడ్డీ కోయించిన చోటికి పోయింది. భయంభయంగా అడిగింది.

“క్లచ్చు చేత్తో ఎందుకండీ?”

“చిన్నప్పుడే ఎడమ కాలు చచ్చుబడిపోయింది కదమ్మా. ఆఖరికి సైకిలుకి కూడా, ఊరికే కాలికి తగులుతోందని, ఎడమ పెడలు తనే విప్పేసుకున్నాడు.”