లెక్కలు తప్పినవాళ్లు

"ఫెయిలైనవాళ్లకి వేసవి క్లాసులా? పైసా ఇవ్వం మేడమ్. చిల్లికుండలో నీళ్లు పోయడమే," అంటూ అధికారి ఫైలు మూసేశాడు.

"డబ్బు మీది. నోరు నాది, సెలవులూ నావే. రేపట్నుంచి చెప్తాను," అంది లెక్కల టీచరు.

మర్నాడు పరీక్ష తప్పిన పిల్లలు ఇరవైమంది వచ్చారు. బోర్డు మీద మొదటి లెక్క వేస్తుండగా స్కూలు కాపలా ఆవిడ తాళంచెవితో గుమ్మంలో నిలబడింది. పిల్లలు పుస్తకాలు సర్దబోయారు.

"ఎవరూ కదలకండి," అంది టీచరు. "ఆ ఆఫీసు సారు గేటుకు తాళం వేయమన్నారా?"

"అవునమ్మా, వేసే వచ్చాను. లోపల్నుంచి. బయటే వేయాలని సారు చెప్పలేదుగా!"

ఆమె చివరి బెంచీలో కూర్చుని నోటుపుస్తకం తెరిచింది.

"నాదీ పదో తరగతి లెక్కల్లోనే పోయింది, టీచరమ్మా. ఇరవయ్యేళ్లయింది. మొదట్నుంచి చెప్పండి."