బెల్టున్న కోటు

ట్రయల్ రూము తలుపు కింద జానెడు సందు ఉంది. అందులోంచి కూతురి పాదాలు కనబడుతున్నాయి.

తల్లి వాటినే చూస్తూ నిలబడింది.

పాదాలు అటు తిరిగాయి, ఇటు తిరిగాయి, మునివేళ్ల మీద లేచాయి. అద్దంలో వెనకవైపు ఎలా ఉందో చూసుకుంటోంది కాబోలు.

చేతిలో ఫోను మోగింది. భర్త.

"అయిందా?"

"ఇంకా చూస్తోంది."

"పక్కనే ఉన్నావుగా?"

"ఉన్నాను."

ఆయన "సరే" అని ఫోను పెట్టేశాడు.

కూతురికి ఇరవై ఆరేళ్లు. కళ్లద్దాల షాపులో పని. ఆరు వారాల క్రితం ఆసుపత్రిలో చేర్చిన రోజు, నర్సు ఆమె జీన్సు బెల్టుతో పాటు బూట్ల లేసులు కూడా లాగేసి, ఓ కవర్లో వేసి తల్లి చేతికిచ్చింది.

ఎందుకని తల్లి అడగలేదు.

ఇంటికొచ్చి పది రోజులైంది. సోమవారం నుంచి మళ్లీ పనికి వెళ్లాలి.

కోటు ఆలోచన కూతురిదే. పొద్దున కాఫీ తాగుతూ అంది.

"నాకున్నవన్నీ జీన్సు, టీషర్టులేగా. పైన మంచి కోటొకటి తగిలిస్తే, లోపల ఏదున్నా ముస్తాబైనట్టే ఉంటుంది."

"నేను కుట్టనా?" అంది తల్లి. ముందుగదిలో మిషను పెట్టుకుని ఇరవై ఏళ్లుగా వీధి వీధంతటికీ కుడుతున్న మనిషి.

"వద్దులే. నువ్వు కుడితే, ఇంకా పెరుగుతానేమోనని రెండంగుళాలు లోపలికి మడిచి కుడతావు."

తల్లి నవ్వింది. కూతురి మాటకు నవ్వి ఎన్నాళ్లయిందో.

కూతురు కప్పులోకి చూస్తూ నెమ్మదిగా అంది. "కోటుంటే దాని గురించి మాట్లాడతారమ్మా. ఎక్కడ కొన్నావని అడుగుతారు. ఎలా ఉన్నావని అడగరు."

ట్రయల్ రూము తలుపు తెరుచుకుంది.

ముదురాకుపచ్చ కోటు. మోకాళ్లు దాటింది. వెడల్పు కాలరు. నడుముకు అదే గుడ్డతో చేసిన బెల్టు, ముడేసి ఉంది.

వెలిసిపోయిన జీన్సు మీదే వేసుకుంది. అయినా ఏదో ముఖ్యమైన చోటికి బయల్దేరిన మనిషిలా ఉంది.

"కొలతలు తీసి కుట్టినట్టుంది మేడం, మీ అమ్మాయికి," అంది షాపులో అమ్మే ఆవిడ.

తల్లి కళ్లు ఆ ముడి దగ్గరే ఆగిపోయాయి.

"బావుంది. బెల్టు లేనివి ఉన్నాయా?"

"దీని అందమంతా ఆ బెల్టుతోనే అండి. అది తీసేస్తే గోనెసంచే."

"బటన్లవి చూపించండి."

ఆవిడ రెండు తెచ్చింది. కూతురు వాటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"పోనీ ఇదే తీసుకుందాం," అంది తల్లి. "బెల్టు తీసేసి నడుం దగ్గర రెండు కుట్లు వేస్తాను. ఇంకా నాజూగ్గా ఉంటుంది. ఒక్క పూట పని."

"నాకిలాగే బావుందమ్మా."

"మాటిమాటికీ జారిపోతుందే. బస్సు తలుపులో ఇరుక్కుంటుంది. ఎక్కడో పడిపోతుంది కూడా."

తాను ఒకదాని మీద ఒకటి సాకులు పేర్చుకుంటూ పోతున్నట్టు ఆమెకే వినబడుతోంది. ఆపలేకపోతోంది.

కూతురు అద్దంలో తల్లిని చూసింది. తల్లి చూపు ఎక్కడుందో చూసింది.

అమ్మే ఆవిడ ఇద్దర్నీ ఓసారి చూసి, అవతల మడతపెట్టాల్సినవేవో గుర్తొచ్చినట్టు వెళ్లిపోయింది.

"అమ్మా," అంది కూతురు, గొంతు తగ్గించి. "నన్ను చూడు. దాన్ని కాదు. నన్ను."

తల్లి తలెత్తింది.

ఈ పది రోజుల్లో ఆమె కూతురి చేతుల్ని చూసింది. మందుల డబ్బా చూసింది. మూసిన తలుపుల్ని చూసింది. మొహంలోకి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

బుగ్గలు లోపలికి పోయాయి. కళ్లు అలిసిపోయి ఉన్నాయి. కానీ తననే చూస్తున్నాయి.

"మామూలుగా ఉండటానికి ప్రయత్నించండి. మీకు అదే అన్నిటికన్నా కష్టం," అని డాక్టరు ఇంటికి పంపేటప్పుడు చెప్పిన మాట గుర్తొచ్చింది.

"మళ్లీ నీకు అలా అనిపిస్తే..." అంది తల్లి.

"అనిపించదని చెప్పలేనమ్మా," అంది కూతురు. "అనిపిస్తే మాత్రం ముందు నీకే చెప్తాను."

పక్క గదిలోకి ఎవరో వెళ్లారు. హ్యాంగర్లు చప్పుడయ్యాయి.

తల్లి దగ్గరికి వచ్చింది. బెల్టు ముడి విప్పింది. రెండు కొసలూ సమంగా లాగి, మళ్లీ ముడేసింది.

"నడిమధ్యకి కాదు. కాస్త పక్కకి వెయ్యి. పొడుగ్గా కనబడతావు."

అయ్యేదాకా కూతురు కదలకుండా నిలబడింది.

సోమవారం పొద్దున, ఆకుపచ్చ కోటు వీధి మలుపు తిరిగేదాకా తల్లి గుమ్మంలోనే ఉంది.

తర్వాత పక్కింటికి వెళ్లింది. ఆరు వారాలుగా తన కత్తెర అక్కడ దాచి, గుడ్డ కత్తిరించాల్సి వచ్చినప్పుడల్లా అక్కడికే వెళ్లి కత్తిరించుకుని వస్తోంది.

"ఇవాళ పట్టుకెళ్తానొదినా," అంది.

పక్కింటావిడ బీరువా తాళం తీసి, తువ్వాల్లో చుట్టిన పెద్ద కత్తెర తెచ్చి చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి దాన్ని మిషను సొరుగులో పెట్టి మూసింది.

కాసేపటికి మళ్లీ తీసి, ఎప్పుడూ ఉండే చోట, మిషను పక్కన బల్ల మీద పెట్టింది.