మెరక మట్టి

"రెండు ట్రాక్టర్లు తోలించానమ్మా," అన్నాడు మదార్ సాహెబ్, తన వాకిలి చూపిస్తూ. "పల్లం కదా, వానొస్తే నీళ్లు ఇంట్లోకొచ్చేవి. ఫ్యాక్టరీ వాళ్లు బూడిద మట్టి ఊరికే ఇస్తే మెరక చేసుకున్నా."

కార్పొరేషన్ ఇంజనీరు కీర్తన వంగి, గుప్పెడు నల్లమట్టి తీసి సంచిలో వేసుకుంది. బెజవాడ శివార్లలో మూతపడ్డ ఆ బ్యాటరీల ఫ్యాక్టరీ స్థలాన్ని శుభ్రం చేయించి పార్కు కట్టించే పని ఆమెది. సీసం కలిసిన మట్టి ఏయే ఇళ్లకు చేరిందో వెతుకుతోంది.

"ఇది పిల్లలకే ఎక్కువ ప్రమాదమండీ. మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటారు కదా. ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కణ్ణే. మా ఆవిడ జమీలా పోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు."

"అయితే మీ వాకిలి ఆఖర్న తవ్విస్తాను. పిల్లలున్న ఇళ్లు ముందు."

ఆయన తలూపాడు.

ఇంతలో బడి వదిలారు. సంచులు ఊపుకుంటూ పదిమంది పిల్లలు సందులోకి పరుగెత్తుకొచ్చారు.

"తాతా, గోళీలు తియ్యి!" ముందున్న మహెక్ కేక వేసింది.

జమీలా పోయాక, రోజూ పిల్లలు ఆడుకునే ఆ వాకిలి గేటు ఎన్నడూ మూసింది లేదు. ఆయన గబగబా వెళ్లి మూశాడు.

"ఇవాళ ఆట లేదు. రేపూ లేదు. ఇళ్లకు పోయి చేతులు కడుక్కోండి."

"ఎందుకు తాతా? మేమేం చేశాం?"

పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. సందు ఖాళీ అయ్యేదాకా గేటు పట్టుకునే నిలబడ్డాడు.

"ఇందాక తప్పు చెప్పానమ్మా," అన్నాడు గడియ పెడుతూ. "ఈ ఇంట్లో నేనొక్కణ్ణే కాదు."