ఎర్ర ఎంజీకి సైలెన్సర్

దగ్గరికి జరగండి, పిల్లలూ. మన ఎర్ర ఎంజీ కారు సైలెన్సర్ తుప్పుపట్టి ఊడిన రోజు సంగతి వినండి.

బల్లరాట్ ఊళ్లో మెకానిక్ స్టావ్రోస్ నా ముందు రెండు సైలెన్సర్లు పెట్టాడు, ఒకటి చప్పుడు చెయ్యనిది, ఒకటి మోత మోగించేది.

"చప్పుడు లేనిదే బిగించు," అన్నాడు మా అబ్బాయి క్లైవ్. "మా అమ్మ కారు తీస్తే వీధంతా లేస్తోంది."

"నాకు మోత మోగించేదే కావాలి."

"ఈ వయసులో రేసు సరదా ఏంటమ్మా?"

"సరదా కాదురా. ఇంజిను మోత వినే గేరు మారుస్తాను. నా చెవులు సగం పోయాయి. చప్పుడు లేనిది పెడితే ఇక కారు నడపలేను."

క్లైవ్ తెల్లబోయాడు. "ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"చెబితే తాళాలు లాక్కునేవాడివి."

వాడు నా చెవి దగ్గరికి వంగి, "వీధివాళ్ల సంగతి నేను చూసుకుంటా!" అని అరిచాడు.

ఇది గుర్తుంచుకుని మీ పిల్లలకూ చెప్పండి. కాస్త గట్టిగా చెప్పండి.