ఒళ్లో ఇమిడే గిటారు

ఉమామహేశ్ అడిగినట్టే చిన్న గిటారు చేసి తీసుకుపోయాను. బాసింపట్టు వేసుకుంటే ఒళ్లో ఇమిడిపోతుంది. స్పీకరు, బ్యాటరీ లోపలే ఉన్నాయి, వైర్లు లేవు.

బేతంచెర్లలో ఇరవై ఏళ్లు బండలకు పాలిష్ పట్టిన మనిషి. దగ్గు ఆపుకుంటూ వాయించి చూశాడు.

“శానా బాగుండాదప్పా. ఎడమచెయ్యి ఆనకుండా, కుడిచేత్తో ఊరికే మీటినా ఇంపుగా పలికేటట్టు శ్రుతి మార్చు.”

“ఏమప్పా, బస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకొని వాయిస్తావా?” అన్నాను.

పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గయింది. తగ్గేదాకా ఆగాను.

“డాక్టరు ఒక నెల అంటాండాడు. మా లింగాయతులను కూర్చోబెట్టే గదప్పా పూడ్చేది. ఎడమచేతిలో లింగం పెడతారు.”

నేను తల ఎత్తకుండా తీగలు వదులు చేస్తున్నాను.

“కుడిచెయ్యి ఖాళీనే గదా.”