నిప్పులాంటి మనిషి

కొత్త ప్రధాన న్యాయమూర్తిగా వరస నాదే. పదవి దిగిపోతున్నవాడు నాతో లా చదివిన స్నేహితుడు. అతని అభిప్రాయం కనుక్కోవడానికి న్యాయశాఖ మంత్రి అతని గదికి వచ్చిన రోజు నేను పక్కనే లైబ్రరీలో ఉన్నాను. గోడ పల్చన.

"వరసలో ముందున్నాయన ఎలాంటివారండీ?" అన్నాడు మంత్రి.

"నిప్పండీ! సొంత బావమరిది పెళ్లికార్డు తెస్తే, 'మా కోర్టులో నీ కేసేమైనా ఉందా?' అని అడిగి మరీ పుచ్చుకున్నాడు."

"ప్రభుత్వమంటే గౌరవమేనా?"

"ఎందుకుండదూ! తప్పు చేస్తే మాత్రం మిమ్మల్నీ వదలడు, మీ పైవాళ్లనీ వదలడు. బతిమాలినా అంతే, బెదిరించినా అంతే."

నాకు కళ్లు చెమర్చాయి.

"మరి ఆ తర్వాతాయన?"

"వాడా? ఉన్నాడు లెండి, పాపం. నోట్లో వేలు పెట్టినా కొరకలేడు."

"చాలా సంతోషమండీ," అన్నాడు మంత్రి. కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

వారం తిరక్కుండా ఆ కొరకలేనివాడే ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. ఒకప్పుడు నా స్నేహితుడి దగ్గర జూనియర్‌గా పనిచేసినవాడే. ఈర్ష్యతో అంటున్నాననుకునేవారు అతని తీర్పులు చదువుకోవచ్చు. అన్నీ "ప్రభుత్వం వారు సెలవిచ్చినట్టు" అనే మొదలవుతాయి.

ప్రమాణ స్వీకారం నాడు స్నేహితుడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ గురించి ఒక్క చెడ్డమాట చెప్పలేదురా, ఒట్టు!"

ఆ మాట నిజమే. నలభై ఏళ్లలో అతను నన్ను పొగిడింది ఆ ఒక్కసారే.