రెండో గడి

“ఒరేయ్, ఆ రెండో గడిలో టిక్కు పెట్టావంటే నువ్వు మునగడమే కాదు, నన్నూ ముంచుతావు.”

వీసా ఆఫీసు హాల్లో బల్ల మీదకి వంగి, బావ తన బావమరిది అయిన గుమస్తా చేతిలోని పెన్నును గట్టిగా పట్టుకున్నాడు.

“మెల్లగా బావా! గోడకి చెవుల సంగతేమో గానీ ఇక్కడ కెమెరాలున్నాయి,” అన్నాడు గుమస్తా, తల ఎత్తకుండా.

కాగితం మీద రెండే గడులు. ప్రత్యేకమైన పనితనం ఉన్నవాళ్లకి ఇచ్చే వీసా అది. ఏ దారిన వస్తున్నారో ముందే చెప్పాలి. మొదటిది, ఆ పనికి సంబంధించిన డిగ్రీ. రెండోది, చేత్తో చేసిన పన్నెండేళ్ల అనుభవం. బావకి ఆలోచించే పనే లేదు. ఐదో తరగతిలో బడికి దణ్ణం పెట్టి వచ్చినవాడు, ఇరవై రెండేళ్లుగా ఒకే షెడ్డులో రాతిపలకలకి మెరుగు పెడుతున్నాడు. అతని పెళ్లాం తమ్ముడైన గుమస్తా అదే షెడ్డులో హాజరు వేస్తాడు. రాయికీ అతనికీ ఉన్న సంబంధమల్లా మధ్యాహ్నం దాని మీద కూర్చుని క్యారియరు విప్పడమే.

“డిగ్రీ ఏడ్చిందిగా నీకు. మొదటి గడి పెట్టుకో.”

“నాది కామర్సు బావా. రాయికి కామర్సెందుకని గేటు దగ్గరే తోలేస్తారు.”

“అయితే మూసుకుని ఇంటికి పద.”

“పోయి ఏం చెయ్యను? నెలాఖరుకి షెడ్డుకి తాళం పడుతోంది. నువ్వెక్కడైనా రాయి రుద్దుకుని బతుకుతావు. హాజరు వేసేవాడు ఎవడిక్కావాలి?”

బావ భయం వేరు. ఇద్దరి అనుభవం ఉత్తరాలూ ఒకే కంపెనీ కాగితం మీద, ఒకే ముద్రతో, ఒకే సంతకంతో ఉన్నాయి. రెండూ టైపు కొట్టింది గుమస్తానే. బావది ఇరవై రెండేళ్లు, నిఖార్సైన నిజం. గుమస్తాది పదిహేనేళ్లు, నిఖార్సైన అబద్ధం. సంతకాలకి పెట్టిన కట్టలో అది కూడా ఉందని యజమాని చూడనైనా లేదు.

“దొరికితే పదేళ్లు ఈ గుమ్మం తొక్కనివ్వరు. నీ కాగితం దొంగదని తేలాక, దాని పక్కనున్న నాది దొరదవుతుందట్రా? ఇద్దర్నీ కలిపే గెంటుతారు.”

“దొరికితే కదా! వారం రోజులు నీ ముందు కూర్చుని బట్టీ పట్టాను,” అంటూ గుమస్తా పెన్ను లాక్కుని రెండో గడిలో టిక్కు పెట్టేశాడు.

బావ కళ్లు మూసుకున్నాడు. అంతలోనే నంబరు పిలిచారు.

ఒకే కంపెనీ కావడంతో ఇద్దర్నీ ఒక్క ఆఫీసరు ముందే నిలబెట్టారు. ఆయన రెండు ఉత్తరాలూ పక్కపక్కన పరిచి, దీన్నీ దాన్నీ మార్చి మార్చి చూశాడు.

“మెరుగు ఎక్కడ మొదలుపెడతారు? చెప్పండి,” అన్నాడు ఆఫీసరు, బావతో.

బావ నోరు తెరిచాడు. మాట రాలేదు. చేతులు మాత్రం గాలిలో దేన్నో రుద్దాయి. “అదీ... రాయిని బట్టి ఉంటుందండీ... చూస్తే తెలుస్తుందండీ.”

ఆఫీసరు మొహం చిట్లించి గుమస్తా వైపు తిరిగాడు. “మీరు?”

“యాభై నంబరు గరుకు ప్యాడుతో సార్. తర్వాత వంద, రెండొందలు, నాలుగొందలు, ఎనిమిదొందలు, పదిహేనొందలు, ఆఖర్న మూడువేలు. నీళ్లు ఆగకూడదు. ఆగితే రాయి మీద కాలిన మచ్చ పడుతుంది.”

అక్షరం పొల్లుపోలేదు. చొక్కా లోపల మాత్రం చెమట కాలవ కట్టింది.

“బాగా చెప్పారు. ఇద్దరూ వెళ్లి వేలిముద్రలివ్వండి.”

గుమస్తా అప్పుడు ఊపిరి వదిలాడు. “చూశావా బావా! పని వచ్చినవాడికి మాట రాదు. మాట వచ్చినవాడికి పనితో పనేంటి?” అని చెవిలో ఊదాడు.

గోడ వారగా రెండు యంత్రాలు. బావ నాలుగు వేళ్లూ అద్దం మీద పెట్టాడు. ఎర్రలైటు. చొక్కాకి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. ఎర్రలైటు. యంత్రం దగ్గరి అమ్మాయి అద్దం తుడిచింది, తడిగుడ్డ ఇచ్చింది, చివరికి తనే అతని వేళ్లని అదిమి పట్టింది. ఎర్రలైటే.

“గట్టిగా నొక్కండి.”

“నొక్కుతూనే ఉన్నానమ్మా.”

“సార్, ఒకసారి ఇటు రండి,” అని ఆ అమ్మాయి ఆఫీసర్ని పిలిచింది.

బావ గుమస్తా వైపు వంగాడు. “అయిపోయిందిరా. పట్టేశారు,” అన్నాడు, పెదవి కదపకుండా.

గుమస్తా చటుక్కున లెక్క కట్టాడు. రెంటికీ ఒకటే సంతకం. బావ మునిగితే తనూ మునిగినట్టే. ఆఫీసరు వచ్చేలోపు గబగబా తన వేళ్లు రెండో యంత్రం మీద పెట్టాడు. పచ్చలైటు. రెండో చెయ్యి. పచ్చలైటు. బొటనవేళ్లు. పచ్చలైటు. పది వేళ్లూ తెర మీద అచ్చు గుద్దినట్టు పడ్డాయి.

ఆఫీసరు వచ్చి బావ చెయ్యి వెల్లకిలా తిప్పాడు. వేళ్ల కొసల్ని ఒక్కొక్కటే తడిమాడు. చింతగింజల్లా నున్నగా ఉన్నాయి.

“నా వేళ్లేనండీ, ఒట్టు,” అన్నాడు బావ, ఏడుపు గొంతుతో.

ఆయన బావ ఫైలు తెరిచి టప్పున ముద్ర కొట్టాడు. “మీకు వీసా వచ్చింది. అక్కడ కూర్చోండి.”

గుమస్తా మొహం వెలిగిపోయింది. ఒక్క వేలూ పడనివాడికే ఇచ్చేస్తే, పదీ పడ్డవాడికి అడ్డేముంది? తన ఫైలు తనే తెరిచి ఆఫీసరు ముందుకి జరిపాడు.

ఆఫీసరు ముద్ర ఎత్తాడు. తెర వైపు చూశాడు. ఎత్తిన ముద్రని మెల్లగా పక్కన పెట్టేశాడు.

“పదిహేనేళ్లు రాయి రుద్దాక కూడా, మీ వేళ్లకి ఈ గీతలెలా మిగిలాయి?”